ఏడో తరగతి తర్వాత

ఆ డిసెంబరులో అమ్మ ఒక్కతే వస్తుందనుకున్నాను.

న్యూఢిల్లీ స్టేషన్లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఆగింది. నాన్న బోగీ తలుపు దగ్గర నిలబడి సామాను అందుకుంటున్నారు. రెండు సూట్‌కేసులు, ఒక అట్టపెట్టె, ఎండుచేపల వాసన కొడుతున్న సంచీ వచ్చాక అమ్మ దిగింది. దిగి, నా వైపు రాకుండా వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకుని ఒక పిల్ల ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టింది. పదమూడేళ్ళుంటాయి. తలకి తెల్లటి గుడ్డ బిగించి కట్టుకుంది. అమ్మ స్వెట్టరు ఆమెకి మోకాళ్ళ దాకా వేలాడుతోంది. కాళ్ళకి రబ్బరు చెప్పులు.

"ఇదే రిఫా" అంది అమ్మ. "ఫోన్లో చెప్తుంటానే, ఆ పిల్ల."

చెప్తుండేది, నిజమే. అమ్మ మాల్దీవుల్లో పంతులమ్మగా చేరి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. అక్కడ వారపు సెలవు శుక్రవారం. ప్రతి శుక్రవారం సాయంత్రం దీవిలోని ఫోన్ బూత్ నుంచి చేసేది. తిన్నావా, చదువుతున్నావా అని నన్ను రెండు ముక్కలు అడిగాక, తక్కిన మాటలన్నీ ఆ బడి గురించే. అందులో సగం రిఫా గురించే. రిఫా భిన్నాలు ఒక్కరోజులో పట్టేసింది. రిఫా తన తమ్ముడికి తనే ఇంగ్లీషు నేర్పుతోంది. వినీ వినీ నాకు ఆ పేరు వస్తుంటేనే ఫోన్ చెవి నుంచి కాస్త దూరంగా పెట్టుకోవడం అలవాటైంది. కానీ ఆ పిల్లని వెంటబెట్టుకు వస్తున్నానని మాత్రం నాతో చెప్పలేదు. నాన్న మొహం చూస్తే ఆయనకి ముందే తెలుసని అర్థమైంది. ఆయన రిఫాని చూసి నవ్వి, తన మఫ్లర్ తీసి ఆమె మెడకి చుట్టారు.

2003 అది. నాకు పదిహేనేళ్ళు, పదో తరగతి. మేము సాకేత్ పక్కన పుష్పవిహార్‌లో సర్కారీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. రెండు గదుల ఇల్లు. వెనక గది నాది. అమ్మ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో నా బతుకంతా ఆ గదిలోనే గడిచింది. స్కూలు నుంచి రాగానే కింది ఇంట్లో ఛాయాదేవి ఆంటీ దగ్గర తాళంచెవి తీసుకుని, తలుపు తీసుకుని, పొద్దున వండిన అన్నం వేడి చేసుకుని తిని, గదిలోకి వెళ్ళి కూర్చునేదాన్ని. నాన్న చార్టర్డ్ బస్సు దిగి వచ్చేసరికి ఏడయ్యేది. ఆయన తెలుగులో ఒకటి అడిగేవారు, నేను హిందీలో ఒకటి చెప్పేదాన్ని. తర్వాత వార్తలు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి కోపం లేదు. మాట్లాడుకునే పని అమ్మదని ఇద్దరం అనుకునేవాళ్ళం, అంతే.

ఆ నెలరోజులు అమ్మ నాకోసం వస్తోందని క్యాలెండర్‌లో గళ్ళు కొట్టుకున్నాను. స్టేషన్ నుంచి ఆటోలో అమ్మ మధ్యలో కూర్చుంది. రిఫా అమ్మ భుజానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. రెండోవైపు భుజం నాకోసం ఖాళీగానే ఉంది. నేను ఆనుకోలేదు.

ఆ పిల్లకి నా గదిలో, నా మంచం పక్కన నవారు మంచం వేశారు.

మొదటి వారం ఆమె ఒంటి మీద నుంచి రజాయి దిగలేదు. తెల్లారి కిటికీ బయట పొగమంచు చూసి ఎక్కడో ఏదో తగలబడుతోందని భయపడింది. మంచినీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వేడెక్కనిచ్చి తాగేది. రోజుకి అయిదుసార్లు నమాజు చేసేది. మొదటిరోజు ఎటు తిరగాలో తెలియక నిలబడిపోతే నాన్న ఎవరినో అడిగి దిక్సూచి తెచ్చి, నా గదిలో ఏ మూల పడమరో చూపించి, అక్కడ నేల మీద సుద్దముక్కతో గీత గీశారు. నా గదిలో, నన్ను అడగకుండా. ఇంత చిన్నదానికి కూడా నాకు కష్టమేసింది.

ఆమె మాట్లాడేది ఇంగ్లీషులోనే. మెల్లగా, వాక్యం పూర్తిచేసి, వ్యాకరణం సరిచూసుకున్నట్టు మాట్లాడేది. అందులో అమ్మ గొంతు వినిపించేది. అమ్మ విరుపులు, అమ్మ సాగదీతలు అన్నీ. నాకు రాని అమ్మ ఇంగ్లీషు ఈ పిల్లకి వచ్చింది.

మధ్యాహ్నాలు మిద్దె మీద ఎండలో చాప వేసుకుని అమ్మ ఆమెకి లెక్కలు చెప్పేది. నేనూ పుస్తకం పట్టుకుని కాస్త దూరంలో కూర్చునేదాన్ని. వాళ్ళ పాఠ్యపుస్తకాలు ఎక్కడో అచ్చయి వచ్చినవి. లెక్కల నిండా రైళ్ళు. ఒక రైలు గంటకి ఇన్ని కిలోమీటర్లు పోతే, ఎదురుగా ఇంకో రైలు వస్తే. రైలు లెక్కలన్నీ ఆ పిల్లకి కంఠతా వచ్చు. రైలు కంటితో చూడటం మాత్రం ఈ ప్రయాణంలోనే మొదటిసారి.

అమ్మ ఆ దీవి బడి గురించి నాన్నకి చెబుతుంటే విన్నాను. మొత్తం నూట పది మంది పిల్లలు. పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు. వాళ్ళ భాష, మతం చెప్పేది అక్కడివాళ్ళు. తక్కినవన్నీ మన దేశం నుంచీ శ్రీలంక నుంచీ వెళ్ళిన టీచర్లు ఇంగ్లీషులో చెప్తారు. టీచర్లు రెండేళ్ళకోసారి మారిపోతారు. కొందరు రెండు నెలలకే పడవెక్కేస్తారు. కొత్త టీచరు రాగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, మీరు ఎప్పుడు వెళ్ళిపోతారు అనేనట. ఏడో తరగతితో ఆ బడి అయిపోతుంది. ఆ పైన చదవాలంటే రాజధాని మాలే వెళ్ళాలి, లేకపోతే ఇంకో పెద్ద దీవికి. అక్కడ పదో తరగతి పరీక్ష కాగితాలు లండన్ నుంచి వస్తాయి, దిద్దడానికి మళ్ళీ లండన్‌కే పోతాయి. ఆ పరీక్ష దాకా వెళ్ళేవాళ్ళు ఆ దీవిలో ఏడాదికి ఒక్కరుంటే గొప్ప.

"దీన్నైనా దాటిద్దామని" అంది అమ్మ.

వాళ్ళ నాన్న కూడా సరేనని పంపించాడట.

అమ్మ స్కూళ్ళ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్ళినా మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళేది. హిందీలో గట్టిగా మాట్లాడటానికి నేను కావాలి. ఒక స్కూల్లో గుమస్తా పాస్‌పోర్టు తిరగేసి మరగేసి, ఇది మా పని కాదు దీదీ, ఎంబసీకి వెళ్ళండి అన్నాడు. ఇంకోచోట హిందీ రాకపోతే సీటు లేదన్నారు. మూడోచోట ఏప్రిల్‌లో రమ్మన్నారు, ఏప్రిల్‌లో వస్తే ఇస్తారా అంటే చెప్పలేమన్నారు. ప్రతిచోటా రిఫా తన మార్కుల కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒళ్ళో పట్టుకుని కూర్చునేది. అడగగానే తీసి ఇచ్చేది. వాళ్ళు చూసి వెనక్కి ఇవ్వగానే మడత పడకుండా మళ్ళీ కవర్లో పెట్టుకునేది.

మాలవీయనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో మాత్రం ప్రిన్సిపాల్ మమ్మల్ని లోపలికి పిలిచింది. పెద్దావిడ, పంజాబీ. గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్ళి వేలితో సముద్రమంతా వెతికింది. ఆ మ్యాపులో మాల్దీవులంటే మూడు చుక్కలు.

"ఏడో తరగతి తర్వాత ఎందుకు మానేసింది?" అని అడిగింది ఆవిడ.

"మానలేదు మేడమ్" అంది అమ్మ. "అక్కడ ఎనిమిది లేదు."

ఆవిడ కాసేపు రిఫాని చూసి, ఒక కాగితం ఇచ్చి పక్కగదిలో కూర్చుని రాయమంది. ఇంగ్లీషు, లెక్కలు. గంటసేపు ఇచ్చారు. నలభై నిమిషాలకే తెచ్చి ఇచ్చేసింది. ఆవిడ అక్కడికక్కడే దిద్దింది. లెక్కల్లో ఒక్కటీ తప్పు లేదు. ఏప్రిల్‌లో ఎనిమిదో తరగతిలో తీసుకుంటాను, హిందీ సంగతి మెల్లగా చూసుకుందాం అంది. ఒక్కటే షరతు. ఢిల్లీలో ఒక కుటుంబం ఈ పిల్ల బాధ్యత మాదని రాసి సంతకం పెట్టాలి, పిల్ల వాళ్ళింట్లోనే ఉండాలి, హాస్టల్ కుదరదు. జనవరి పదో తారీఖులోగా ఆ కాగితం కావాలి.

బయటికి వచ్చాక అమ్మ రోడ్డు పక్కన బండి దగ్గర మా ఇద్దరికీ చిలగడదుంపల చాట్ కొనిచ్చింది. అమ్మ మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. నా మార్కులు చూసినప్పుడు కూడా.

ఆ మర్నాడో ఆ పై రోజో జరిగిన సంగతి చెప్పాలి. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అమ్మా నాన్నా ఆ కాగితానికి స్టాంపు పేపరు సంగతి కనుక్కుందామని సాకేత్ వైపు వెళ్ళారు. ఇంట్లో నేనూ రిఫా. నాకు మూడింటికి ట్యూషన్. రిఫా ఉతికిన బట్టలు బకెట్లో వేసుకుని మిద్దె మీదికి ఆరేయడానికి వెళ్ళింది. నేను చెప్పులు వేసుకుని, తలుపు లాగి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాను. ఎప్పటిలా ఛాయాదేవి ఆంటీకి ఇవ్వలేదు. మర్చిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. మెట్లు దిగుతుంటే పైన బకెట్ చప్పుడు వినబడుతూనే ఉంది.

నాలుగున్నరకి తిరిగి వచ్చాను. తలుపు ముందు ఖాళీ బకెట్. రిఫా లేదు. మిద్దె మీద లేదు. ఛాయాదేవి ఆంటీ తలుపు కొడితే ఆవిడ నిద్రలోంచి లేచి వచ్చి, చూడలేదే అంది. గేటు దగ్గర పల్లీల బండివాడిని అడిగాను. తెల్ల గుడ్డ కట్టుకున్న పిల్లా, ఖాన్‌పూర్ వైపు నడిచి పోయింది, చాలాసేపైంది అన్నాడు. స్వెట్టరు ఉందా అంటే లేదన్నాడు.

బదర్‌పూర్ వైపు పోయే బస్సెక్కి ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డాను. ఖాన్‌పూర్ దాటింది. ఇంకో రెండు స్టాపులు దాటాయి. రోడ్డు పక్కన నడిచే ప్రతి మనిషినీ చూస్తూ, ఏం జరిగితే ఎవరితో ఏమని చెప్పాలో ముందే కూర్చుకుంటున్నాను. తుగ్లకాబాద్ కోట గోడలు కనిపించేచోట, బస్‌స్టాపు బల్ల మీద కూర్చుని ఉంది. చేతులు చంకల్లో పెట్టుకుని, పెదాలు నీలంగా అయిపోయి.

నన్ను చూడగానే లేచి నిలబడింది. నేను నా శాలువ తీసి ఇచ్చాను. తిట్టాలో, క్షమించమని అడగాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. వెనక్కి వచ్చే బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. కాసేపటికి తనే మాట్లాడింది. వాళ్ళ దీవి చుట్టూ నడిస్తే ఇరవై నిమిషాలట. ఎటు నడిచినా నీళ్ళు వచ్చేస్తాయి, వెనక్కి తిరగాలి. ఇక్కడ వెనక్కి తిరగకుండా ఎంత దూరం పోవచ్చో చూద్దామనిపించిందట.

"ఎంత నడిచినా అవ్వలేదు" అంది. "భయమేసి ఆగిపోయాను."

నేను కిటికీలోంచి చూస్తున్నాను. తను చెప్పుకుపోయింది, ఎవరూ అడక్కపోయినా. వాళ్ళ అక్క ఏడో తరగతి అయ్యాక మాలే వెళ్ళిందట. తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టారు. తిండీ పడకా వాళ్ళిస్తారు, ఇంటిపని ఈమె చెయ్యాలి. ఆ ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు. తెల్లారకముందే లేచి గిన్నెలు, బట్టలు, పిల్లల స్నానాలు. మధ్యాహ్నం బడికి వెళ్ళేసరికి నిద్ర ముంచుకొచ్చేది. టీచరు ఆమెని బద్ధకస్తురాలని రాసింది. ఏడు నెలలకి అక్క దీవికి తిరిగొచ్చేసి, మళ్ళీ పుస్తకం ముట్టుకోలేదు.

"నేను మాలే వెళ్ళినా నిద్రపోను" అంది రిఫా. "కానీ వెళ్ళకపోతేనే మంచిది."

మేము వచ్చేసరికి అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. ఏమైందని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోగా రిఫా ముందుకొచ్చింది. "నేనే వెళ్ళాను టీచర్. నేల ఎక్కడ అయిపోతుందో చూద్దామని. కావేరి వచ్చి నన్ను పట్టుకొచ్చింది."

అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. రెండేళ్ళ తర్వాత అమ్మ నన్ను అలా తీసుకోవడం అదే మొదటిసారి. నేను కట్టెలా నిలబడ్డాను.

జనవరి నాలుగు, ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మంచు విడిచి పలచటి ఎండ వచ్చింది. అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనె తీస్తోంది. రిఫా కింద గోడకి ఆనుకుని ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటోంది. నాన్న పేపరు చదువుతున్నవారు దాన్ని పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి నన్ను పిలిచారు.

ఆయన ఎప్పుడూ ఏ విషయమూ నన్ను అడిగి చెయ్యలేదు. ఆ రోజు మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి, ఆఫీసులో పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడారు. ప్రిన్సిపాల్ అడిగిన కాగితం సంగతి చెప్పారు. సంతకం పెడితే మూడేళ్ళు, పదో తరగతి అయ్యేదాకా, ఆ పిల్ల మనింట్లోనే ఉండాలన్నారు.

"గది నీది. పరీక్షలు నీవి" అన్నారు. "నువ్వేవఁంటావో అది."

నేను అమ్మని చూశాను. అమ్మ తల ఎత్తలేదు. చిక్కుడుకాయ ఈనె తీసి, రెండుగా విరిచి పళ్ళెంలో వేసింది. మరొకటి తీసుకుంది. నా జవాబు ఏదైనా ఫరవాలేదన్నట్టు ఉంది ఆ నిదానం. ఆ నిదానమే నాకు ఒళ్ళు మండించింది. నువ్వు సరే అనమ్మా అని ఒక్కసారి అడిగి ఉంటే అనేదాన్నేమో. అడక్కుండానే నేను సరే అంటాననుకుంటోందనిపించింది. ఈ పిల్లని ఇక్కడ నా నెత్తిన పెట్టేసి, తను మళ్ళీ ఆ నూట పది మంది దగ్గరికి వెళ్ళిపోతుంది. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసి, రిఫాని పిలువు అంటుంది.

"బోర్డ్స్ ఉన్నాయి కదా" అన్నాను. ఆ మాట హిందీలో రాలేదు, తెలుగులోనే వచ్చింది. "నాకు కుదరదు."

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నారు. "సరే" అన్నారు.

ఆ దీవిలో పిల్లలకి అమ్మ నోటి నుంచి వచ్చిన తెలుగు మాటలు రెండు తెలుసట. ఒకటి కూర్చో. రెండోది కుదరదు. బడి మధ్యలో ఇంటికి పోతామని మారాం చేసేవాళ్ళకి అమ్మ ఎప్పుడూ ఆ మాటే చెప్పేదట. అది నాకు ఆ రోజు తెలియదు. రిఫా చదువుతున్న పుస్తకంలో పేజీ తిప్పడం ఆగిపోవడం మాత్రం చూశాను. కాసేపటికి పుస్తకం మూసి, లేచి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని తనూ చిక్కుడుకాయలు తీసుకుంది.

 సాయంత్రం అందరం టీ తాగాం. తర్వాత మూడు రోజులు రిఫా నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. నాకు అర్థంకాని ఒక లెక్క ఎలా చెయ్యాలో చూపించింది కూడా. పదో తరగతి లెక్క అది. ఏడో తరగతి పిల్ల చూపించింది.

ఎనిమిదో తారీఖు వాళ్ళ రైలు. అమ్మ మాలే దాకా తోడువెళ్ళి, రిఫాని ఎవరో దూరపు చుట్టాల ఇంట్లో దింపి, తను పడవెక్కి దీవికి వెళ్ళాలి. మంచువల్ల రైలు మూడు గంటలు ఆలస్యం. ఆ మూడు గంటలూ ప్లాట్‌ఫారం మీద సామాను చుట్టూ కూర్చున్నాం. అమ్మ నా జడ విప్పి మళ్ళీ వేసింది. పరీక్షల రోజుల్లో ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పింది. రైలు వచ్చాక రిఫా నా చెయ్యి పట్టుకుని, థాంక్యూ ఫర్ ది రూమ్ అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నెలరోజులు ఉండనిచ్చినందుకు నిజంగానే చెప్పింది.

రైలు కదిలిపోయాక నాన్నా నేనూ బయటికి వచ్చి బస్సెక్కాం. మధ్యాహ్నం కాబట్టి ఖాళీగా ఉంది. ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. సఫ్దర్‌జంగ్ దాటాక బయటికి చూస్తూనే చెప్పారు.

"మీ అమ్మ ఇంక అక్కడికి వెళ్ళకూడదనుకుంది. ఆ పిల్లకి ఇక్కడ సీటొస్తే తనూ ఇక్కడే ఉండిపోదామని. రాజీనామా కూడా రాసి ఉంచుకుంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, నాకెందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెద్దగా వచ్చిందేమో, ముందు సీట్లో మనిషి తిరిగి చూశాడు.

"నేను చెప్తానన్నాను. వద్దంది" అన్నారు నాన్న. "చెప్తే నువ్వు సరే అంటావు. కానీ తనకోసం అంటావు, ఆ పిల్లకోసం కాదు. అట్లా ఒప్పుకున్న ఇంట్లో ఆ పిల్ల మూడేళ్ళు ఎట్లా ఉంటుందీ అంది."

"ఇప్పుడు ఫోన్ చేద్దాం నాన్నా. తిరిగి రమ్మందాం."

రైల్లో ఉన్న మనిషికి ఎక్కడికి చేస్తాం అన్నారు ఆయన. సెల్‌ఫోన్ మా ఇంట్లో ఇంకా ఎవరికీ లేదు. ఆ పై వారం శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది. దీవికి చేరానని, రిఫాని మాలేలో చేర్చానని, హెడ్‌మాస్టరు కొత్త కాంట్రాక్టు ఇస్తే సంతకం పెట్టేశానని చెప్పింది. నేను అనాలనుకున్నవన్నీ వారం నుంచి కూర్చుకుని ఉన్నాను. తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. చదువుతున్నావా అంటే చదువుతున్నానన్నాను.

బోర్డు పరీక్షల్లో నాకు ఎనభై ఆరు శాతం వచ్చింది. ఛాయాదేవి ఆంటీ మిఠాయి పెట్టె తెచ్చింది. నాన్న ఆఫీసులో పంచారు.

అమ్మ ఆ తర్వాత ఇంకో అయిదేళ్ళు అక్కడే ఉంది. ప్రతి డిసెంబరులో నెలరోజులు వచ్చేది. నేను సరదాగా ఉండేదాన్ని, అమ్మా సరదాగా ఉండేది. ఇద్దరం ఒకరినొకరం నొప్పించకుండా చాలా జాగ్రత్తగా మాట్లాడుకునేవాళ్ళం. వంట బాగుందనీ, చలి ఎక్కువగా ఉందనీ. ఆ మాటలు ఎవరితోనైనా మాట్లాడేవే. రిఫా గురించి నేను అడగను. అమ్మ నాతో చెప్పదు. నాన్నతో చెబుతుంటే వంటింట్లో ఉండి వినేదాన్ని.

రిఫా మాలేలో ఏడాదిన్నర ఉంది. ఆ ఇంట్లో ఇద్దరే పిల్లలు, కానీ మంచంలో ఉన్న ముసలామె ఒకరు. రిఫా క్లాసులో నిద్రపోలేదట. అన్న మాట నిలబెట్టుకుంది. అసలు క్లాసుకి వెళ్ళడానికే వీలుపడలేదు. తొమ్మిదిలో పేరు తీసేశారు. దీవికి తిరిగొచ్చాక చేపలు ఎండబెట్టే పనికి పోతుంటే అమ్మ వాళ్ళింటికి వెళ్ళి, సాయంత్రాలు పంపించమని వాళ్ళ నాన్నని అడిగింది. రెండేళ్ళు అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పింది. ఆ తర్వాత ఆ దీవి బడికి ప్రభుత్వం పై తరగతులు ఒక్కొక్కటే ఇచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్లల మధ్య పదిహేడేళ్ళ రిఫా బెంచీ చివర కూర్చుని చదివింది. ఆమె లండన్ పరీక్ష రాశాకే అమ్మ సామాను సర్దుకుంది.

2009 ఫిబ్రవరిలో ఒక శనివారం. నేను నోయిడాలో పేయింగ్ గెస్టుగా ఉంటూ చదువుకుంటున్నాను, ఆ రోజు పుష్పవిహార్ వచ్చాను. అమ్మా నాన్నా కూరలకి వెళ్ళారు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఫోన్ మోగింది. ఎత్తితే దూరం నుంచి గాలి హోరు, ఆ తర్వాత నిదానంగా, వ్యాకరణం సరిచూసుకున్నట్టుండే ఆ ఇంగ్లీషు.

టీచర్ ఉన్నారా అని అడిగింది. బజారుకి వెళ్ళారన్నాను. నేనెవరో గొంతుని బట్టి గుర్తుపట్టింది. బాగున్నావా కావేరీ అంది. బాగున్నానన్నాను. ఫలితాలు వచ్చాయనీ, ఇంగ్లీషు, లెక్కలు రెండూ పాసయ్యాననీ, జనవరి నుంచి తననే ఒకటో తరగతికి టీచరుగా పెట్టారనీ చెప్పింది. టీచర్‌కి చెప్పడానికే చేశాను, మళ్ళీ చేస్తాను అంది.

పెట్టేస్తుందని తెలిసింది. అడగవలసినవి చాలా ఉన్నాయి. 

"నీ క్లాసులో ఎంతమంది?" అన్నాను.

"పదకొండు మంది."

"పేర్లేంటి?"

 ఎందుకు అడుగుతున్నానో తనకి తెలియలేదనుకుంటాను. నాకూ తెలియదు. అయినా మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టి చెప్పసాగింది. ఒక్కో పేరు చెప్పి, వాళ్ళు ఎలాంటివాళ్ళో ఒక ముక్క చెప్పి, మళ్ళీ ఇంకో పేరు. ఒకడు అసలు మాట్లాడడట. ఒకతి రోజూ పెన్సిల్ పోగొట్టుకుంటుందట. మధ్యలో గాలి హోరులో కొన్ని పేర్లు సరిగా వినబడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను, చెప్పింది. పదకొండు మందీ అయ్యేదాకా నేను ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నిలబడే విన్నాను.